ఓడినవాళ్లకు కూడా రుజువు చూపగలిగే ఎన్నిక కావాలి

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. ఓటింగ్ యంత్రాలను ఇంటర్నెట్‌కు కలపరు కాబట్టి వాటిని ఎవరూ ఏమీ చేయలేరు కదా అన్నది మొదటిది. కాగితం బ్యాలెట్ అంటే మళ్లీ రిగ్గింగ్ రోజుల్లోకి పోవడమే కదా అన్నది రెండోది. లక్షల ఓట్లలోంచి కొన్ని వందలు తీసి చూస్తే ఏం తెలుస్తుంది, ఆడిట్ అంతా పేరుకే కదా అన్నది మూడోది. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతకడం చాలా ఏళ్లుగా నా వృత్తి. ఎన్నికల ఆడిట్ పద్ధతులను కూడా అంతే శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓటరు స్వయంగా చూసి, తన చేత్తో గుర్తు పెట్టిన కాగితం ఉండాలి. ఆ కాగితాలు పోలింగ్ మొదలైనప్పటి నుంచి ఫలితం ఖరారయ్యే వరకు అన్ని పక్షాల కళ్ల ముందు భద్రంగా ఉండాలి. ఫలితం ఖరారు చేసే ముందు వాటిలోంచి లాటరీ తీసినట్టు కొన్ని తీసి, మనుషులు చదివి, యంత్రం లెక్కతో సరిచూడాలి. అనుమానం తీరకపోతే ఇంకా తీయాలి, అప్పటికీ తీరకపోతే మొత్తం లెక్కపెట్టాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగతావి చాలావరకు అలంకారమే.

ఈ విషయం మీద వాదన ఎప్పుడూ "యంత్రం హ్యాక్ అయిందా, కాలేదా" అన్న దగ్గరే చిక్కుకుపోతుంది. ఒకరు అయిందంటారు, రుజువు చూపలేరు. ఇంకొకరు కాలేదంటారు, వాళ్లూ చూపలేరు. ఓట్లన్నీ మెమరీలో మాత్రమే ఉంటే చూపడానికి ఏముంటుంది? రీకౌంటింగ్ చేయమంటే అదే మెమరీలోంచి అదే అంకె మళ్లీ వస్తుంది. గెలిచినవాళ్లకు దీనితో పేచీ లేదు. ఓడినవాళ్లు, వాళ్లకు ఓటేసిన జనం "సరే, మేం నిజంగానే ఓడిపోయాం" అని ఒప్పుకోవాలంటే వాళ్లకు ఏదో ఒక ఆధారం చూపించాలి. అధికారి ఇచ్చిన హామీ, కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఆ పనికి చాలవు.

హ్యాకర్ల ప్రమేయం లేకుండానే ఎంత నష్టం జరగవచ్చో చెప్తాను. 2004 నవంబరులో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కార్టరెట్ కౌంటీలో కాగితం లేని యంత్రాలు వాడారు. యంత్రంలో 10,500 ఓట్లు పడతాయని అధికారులు అనుకున్నారు. నిజానికి అందులో పట్టేది 3,005 మాత్రమే. అది నిండిపోయాక కూడా జనం వచ్చి ఓట్లు వేస్తూనే ఉన్నారు. 4,438 ఓట్లు ఎక్కడా నమోదు కాకుండా పోయాయి. అదే ఎన్నికలో రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ పదవికి పోటీపడ్డ ఇద్దరి మధ్య తేడా 2,287 ఓట్లు. పోయిన ఓట్లు ఆ తేడాకు దాదాపు రెట్టింపు. అసలు ఎవరు గెలిచారో తేల్చే దారే లేదు. నెలల తరబడి వివాదం నడిచి, చివరికి ఒక అభ్యర్థి ఓటమి ఒప్పుకుని తప్పుకోవడంతో అది ముగిసింది. ఆ పోయిన ఓట్లు మాత్రం దొరకలేదు. 2005లో ఆ రాష్ట్రం కాగితం రికార్డును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చుకుంది.

2006లో ఫ్లోరిడాలోని సరసోటా కౌంటీలోనూ ఇలాంటిదే జరిగింది. యంత్రం మీద ఓటేసినవారిలో సుమారు 18 వేల మంది విషయంలో పార్లమెంటు సీటుకు సంబంధించిన ఓటు ఖాళీగా నమోదైంది. ఆ సీటులో మెజారిటీ 369. తెర మీద ఆ పోటీ సరిగ్గా కనబడలేదని కొందరన్నారు, యంత్రంలోనే తప్పుందని కొందరన్నారు, జనమే వదిలేసి ఉంటారని ఇంకొందరన్నారు. ఓటరు మనసులో ఏముందో చూపే కాగితం లేకపోవడంతో వాదన వాదనగానే మిగిలింది. మరుసటి ఏడాదే ఫ్లోరిడా కాగితం బ్యాలెట్ వైపు మళ్లుతూ చట్టం చేసింది.

ఇప్పుడు కాగితం ఉన్నచోట ఏం జరిగిందో చూడండి. 2000 అధ్యక్ష ఎన్నికల రాత్రి అదే ఫ్లోరిడాలో వొలూసియా కౌంటీలోని ఒక పోలింగ్ కేంద్రం నుంచి అధ్యక్ష అభ్యర్థి అల్ గోర్‌కు మైనస్ 16,022 ఓట్లు వచ్చాయి. అవును, సున్నా కంటే తక్కువ. అక్కడ ఓటర్లు కాగితం మీద గుర్తు పెట్టారు, యంత్రం ఆ కాగితాన్ని స్కాన్ చేసింది. కాబట్టి తప్పు దిద్దడానికి ఎవరి మాటా నమ్మాల్సిన అవసరం రాలేదు. 2019లో పెన్సిల్వేనియాలోని నార్తాంప్టన్ కౌంటీలో జడ్జి పదవికి పోటీచేసిన ఒక అభ్యర్థికి వేలాది ఓట్లు పోలైన చోట 164 ఓట్లే వచ్చినట్టు యంత్రాలు చూపించాయి. కాగితాలు తీసి లెక్కపెడితే ఆయనే గెలిచారు. ఆ ఏడాదే అక్కడ కొత్తగా కాగితం ముద్రించే యంత్రాలు వచ్చాయి. అంతకు ముందటి యంత్రాలే ఉండి ఉంటే ఆ రాత్రి ఏం చేసేవారో ఊహించుకోండి.

పైవాటిలో తప్పులు కంటికి కనిపించేంత పెద్దవి కాబట్టి పట్టుబడ్డాయి. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి సరిగ్గా 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. వ్యక్తిగతంగా ఆమెకు రావడానికి వీలున్న ఓట్ల కంటే వచ్చిన ఓట్లు ఎక్కువ కావడంతో అధికారులు ఉలిక్కిపడ్డారు. 4,096 అంటే రెండును పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె. మెమరీలో ఒకే ఒక్క బిట్ (సున్నానో ఒకటినో దాచుకునే అతి చిన్న గడి) తనంతట తాను సున్నా నుంచి ఒకటికి మారి ఉంటుందని నిపుణులు తేల్చారు. బయటి అంతరిక్షం నుంచి వచ్చే కణం తగిలితే అలా జరగవచ్చు. అదే మార్పు ఇంకాస్త చిన్న విలువ ఉన్న బిట్‌లో జరిగి, అదనంగా 256 ఓట్లు పడి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదా? రాదనే నా నమ్మకం. నాకు అసలు భయం ఇలాంటి చిన్న తేడాల గురించే.

ఇక "ఇంటర్నెట్‌కు కలపరు కదా" అన్న మాట. ఇది సగం నిజం. ప్రతి ఎన్నికకూ ముందు అభ్యర్థుల పేర్లు, గుర్తులు యంత్రంలోకి ఎక్కించాలి. ఆ సమాచారం ఏదో ఒక కంప్యూటర్ నుంచే వస్తుంది, ఏదో ఒక కార్డు ద్వారానో పరికరం ద్వారానో లోపలికి వెళ్తుంది. 2005లో ఫ్లోరిడాలోని లియాన్ కౌంటీలో ఎన్నికల అధికారి స్వయంగా అనుమతిస్తే, హారీ హర్‌స్టి అనే ఫిన్లాండ్ నిపుణుడు కేవలం మెమరీ కార్డును మార్చి ఓట్ల లెక్కను తారుమారు చేసి చూపించాడు. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పట్లో అమెరికాలో విస్తారంగా వాడుతున్న ఒక టచ్‌స్క్రీన్ యంత్రాన్ని పరీక్షించారు. ఒక్క నిమిషం దాని దగ్గర ఒంటరిగా ఉండే అవకాశం దొరికితే చాలు, దొంగ ప్రోగ్రామ్ ఎక్కించవచ్చని, అది మెమరీ కార్డుల ద్వారా ఒక యంత్రం నుంచి ఇంకోదానికి పాకగలదని రుజువు చేశారు. వీటిలో దేనికీ ఇంటర్నెట్ అవసరం పడలేదు.

పోలింగ్‌కు ముందు అందరి ఎదుటా నమూనా ఓట్లు వేసి చూస్తారు కదా అని మీరు అడగవచ్చు. అది మంచి అలవాటే, మానకూడదు. కానీ అది ఎంతవరకు పట్టుకోగలదో తెలిసి ఉండాలి. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి, ఆ కాసేపు మాత్రమే బుద్ధిగా నడుచుకునే సాఫ్ట్‌వేర్ రాయడం కష్టమేమీ కాదు. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ వ్యవహారం గుర్తుందా? పొగ పరీక్ష జరుగుతున్నప్పుడు ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా నడిచేలా కార్లలో సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఏళ్ల తరబడి ప్రభుత్వాల పరీక్షలన్నీ దాటేసింది. ఓటింగ్ యంత్రానికి తేదీ తెలుసు, ఎన్ని ఓట్లు పడ్డాయో తెలుసు, ఎన్ని గంటలు నడిచిందో తెలుసు. నా వృత్తి అనుభవంతో గట్టిగా చెప్పగలను: ఒక ప్రోగ్రామ్‌లో తప్పు లేదని పరీక్షలతో పూర్తిగా నిరూపించడం అసాధ్యం. తప్పు ఉందని మాత్రమే పరీక్ష నిరూపించగలదు.

అందుకే 2006లో రొనాల్డ్ రివెస్ట్, జాన్ వాక్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ప్రశ్ననే మార్చేశారు. సాఫ్ట్‌వేర్ తప్పు చేయదని హామీ అడగడం మానేద్దాం, తప్పు చేస్తే అది బయటపడకుండా ఫలితం మారడానికి వీల్లేని ఏర్పాటు అడుగుదాం అన్నారు. ఈ రంగంలో నేను చదివిన అన్నిటిలోకీ ఇది నాకు ఎక్కువ ఉపయోగపడ్డ ఆలోచన. దీన్ని పట్టుకుంటే కంపెనీ ఏది, దేశం ఏది, చిప్ ఎక్కడ తయారైంది అన్న గొడవలన్నీ పక్కకు పోతాయి. యంత్రం దుర్మార్గుడే తయారు చేసినా సరే, ఓటరు గుర్తు పెట్టిన కాగితం ఉండి, దాన్ని మనుషులు సరిచూస్తే మోసం దాగదు.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఇదే విషయాన్ని న్యాయం వైపు నుంచి చెప్పింది. 2005 పార్లమెంటు ఎన్నికల్లో అక్కడ సుమారు 20 లక్షల మంది కాగితం లేని యంత్రాల మీద ఓటేశారు. ఒక తండ్రీకొడుకులు దాన్ని సవాలు చేశారు. 2009 మార్చి 3న తీర్పు వచ్చింది: ఎన్నికలోని ముఖ్యమైన దశలన్నీ, ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం లేని సామాన్య పౌరుడు కూడా సరిచూసుకోగలిగేలా ఉండాలి. ఆ యంత్రాలు అలా లేవు కాబట్టి వాటి వాడకం రాజ్యాంగ విరుద్ధం. మోసం జరిగినట్టు ఆధారం లేదు కాబట్టి పాత ఫలితాన్ని మాత్రం కోర్టు కదపలేదు. మోసం జరిగిందా అని కాకుండా, జరిగితే పౌరుడికి తెలిసే దారి ఉందా అని కోర్టు చూసింది. నెదర్లాండ్స్ అంతకంటే ఒక ఏడాది ముందే, 2008లో, యంత్రాలు వదిలేసి కాగితానికి తిరిగి వెళ్లింది. అక్కడ పౌరుల బృందం ఒకటి 2006లో ఆ యంత్రాలను తెరిచి వాటిలో లోపాలు చూపించడంతో కథ మొదలైంది.

రిగ్గింగ్ గురించిన మీ భయం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కాగితంతో మోసం చేసిన చరిత్ర బోలెడంత ఉంది. 1948లో టెక్సాస్‌లో సెనేట్ సీటు కోసం జరిగిన పార్టీ ఎన్నికలో, పోలింగ్ అయిన ఆరు రోజులకు 13వ నంబర్ పెట్టెలో 202 ఓట్లు కొత్తగా ప్రత్యక్షమయ్యాయి. ఓటర్ల జాబితా చివర చేర్చిన పేర్లు అక్షరక్రమంలో, ఒకే చేతిరాతలో ఉన్నాయన్న ఆరోపణ వచ్చింది. లిండన్ జాన్సన్ 87 ఓట్లతో గెలిచాడు, తర్వాత అమెరికా అధ్యక్షుడు కూడా అయ్యాడు. భారతదేశంలో బూత్‌లు ఆక్రమించి బ్యాలెట్లు గుద్దేసిన రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు కాబట్టి ఆ రకం మోసం బాగా కష్టమైంది. చెల్లని ఓట్ల బెడదా తగ్గింది. ఆ మేలును కాదనను.

కానీ టెక్సాస్ కథలో ఒకటి గమనించండి. అక్కడ చెడిపోయింది కాగితం కాదు, కాపలా. పెట్టె ఎవరి దగ్గర ఉందో, సీలు ఎప్పుడు తీశారో, ఆ రాత్రి ఎన్ని ఓట్లు లెక్క తేలిందో అన్ని పక్షాల దగ్గరా సంతకాలతో రాసి ఉంటే ఆరు రోజుల తర్వాత 202 ఓట్లు చేరడం సాధ్యమయ్యేది కాదు. కాగితంతో మోసం చేయాలంటే చాలామంది మనుషులు కావాలి, చాలా చోట్ల చేయాలి, చాలామంది నోరు మూసుకుని ఉండాలి. సాఫ్ట్‌వేర్‌తో చేయాలంటే ఒక చోట ఒకసారి చేస్తే వేల యంత్రాలకు పాకవచ్చు. రెండింటికీ ప్రమాదం ఉన్నా వాటి స్థాయి ఒకటి కాదు. పైగా యంత్రం లెక్క, కాగితం లెక్క రెండూ ఉన్నప్పుడు మోసం చేసేవాడు ఆ రెండింటినీ ఒకేలా మార్చగలగాలి. ఆ రెండు పనులకూ వేర్వేరు నైపుణ్యాలు, వేర్వేరు మనుషులు కావాలి. అందుకే నేను యంత్రాలు తీసేయమని అడగను. యంత్రం వేగంగా లెక్కపెట్టనివ్వండి, కాగితంతో దాన్ని నిలదీసే హక్కు మనకు ఉండాలి.

కొందరు మిత్రులు ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రతి ఓటూ చేత్తోనే లెక్కపెట్టాలంటారు. ఒక ఓటరు ఒకే పదవికి ఓటేసే చోట అది హాయిగా చేయవచ్చు, బ్రిటన్‌లో చేస్తున్నారు కూడా. ఒకే కాగితం మీద ఇరవై ముప్పై పోటీలు ఉండే అమెరికా బ్యాలెట్ల విషయంలో అది పొరపాట్లకు దారి తీస్తుంది, అలిసిపోయిన మనిషి తప్పు చదువుతాడు. అక్కడ స్కానర్ లెక్క, దాని మీద ఆడిట్ మేలైన దారి.

ఇప్పుడు ఆడిట్ సంగతి. మీ మూడో సందేహానికి జవాబు ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

2008లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్ర ఆచార్యుడు ఫిలిప్ స్టార్క్ రిస్క్ లిమిటింగ్ ఆడిట్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. దాని సారం ఇది. ఒకవేళ ప్రకటించిన విజేత తప్పైతే, ఆ తప్పు ఆడిట్‌కు దొరక్కుండా పోయే అవకాశం ఎంత ఉండవచ్చో ముందే ఒక హద్దు పెట్టుకుంటారు. 10 శాతం, 5 శాతం అలా. ఆ తర్వాత బ్యాలెట్లను యాదృచ్ఛికంగా తీస్తూ చదువుతూ పోతారు. విజేత నిజంగా గెలిచాడనడానికి ఆ హద్దుకు తగినంత బలమైన ఆధారం పోగయ్యాక ఆపుతారు. పోగవకపోతే ఆపరు. చివరికి మొత్తం లెక్కపెట్టడమే అవుతుంది, అప్పుడు చేతి లెక్కే ఫలితం.

ఎన్ని బ్యాలెట్లు తీయాలన్నది గెలుపు తేడాను బట్టి ఉంటుంది, ఓటర్ల సంఖ్యను బట్టి దాదాపుగా ఉండదు. చాలామందికి మింగుడుపడని విషయం ఇదే. రక్తపరీక్షకు చిన్నపిల్లాడికైనా పెద్ద మనిషికైనా కొన్ని చుక్కలే తీస్తారు కదా, ఇదీ అంతే. ఇద్దరు అభ్యర్థులకు 55, 45 శాతం ఓట్లు వచ్చాయనుకోండి. హద్దు 10 శాతం పెట్టుకుంటే సగటున అయిదు వందల లోపు బ్యాలెట్లు సరిపోతాయి. ఓటర్లు లక్ష మంది అయినా కోటి మంది అయినా అంతే. అదే 51, 49 అయితే పదకొండు పన్నెండు వేలు తీయాలి. తేడా సగమైతే పని నాలుగు రెట్లవుతుంది. ఇంకో రకం ఉంది. ప్రతి కాగితాన్నీ యంత్రం ఏమని చదివిందో విడివిడిగా రికార్డు ఉంటే, తీసిన కాగితాన్ని సరిగ్గా దాని రికార్డుతోనే పోల్చవచ్చు. అప్పుడు తేడాలేవీ కనబడకపోతే ఆ 51, 49 పోటీకి కూడా రెండు వందల యాభై లోపు కాగితాలు చాలు. యంత్రాలు కొనేటప్పుడే ఈ సౌకర్యం ఉన్నవి కొంటే తర్వాత ఎంత శ్రమ తగ్గుతుందో చూడండి.

యాదృచ్ఛికంగా తీయడం అన్నది మాటకు చెప్పేది కాదు. ఏవి తీస్తారో ముందే తెలిస్తే వాటిని వదిలేసి మిగతాచోట మోసం చేయవచ్చు. అధికారి తన ఇష్టప్రకారం తీసినా అంతే. 2017లో రాష్ట్రమంతటా ఈ పద్ధతి మొదటిసారి అమలు చేసిన అమెరికా రాష్ట్రం కొలరాడోలో, ఓట్ల లెక్క ఖాయమయ్యాక, జనం ముందు పది ముఖాల పాచికలు వేసి ఇరవై అంకెల సంఖ్య తయారు చేస్తారు. ఆ సంఖ్యను అందరికీ తెలిసిన సూత్రంలో పెడితే ఏ పెట్టెలో ఎన్నవ బ్యాలెట్ తీయాలో వస్తుంది. ఆ లెక్కను ఎవరైనా ఇంట్లో కూర్చుని మళ్లీ చేసి చూసుకోవచ్చు. పాచికలు చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు మాత్రం ఎన్నికల్లో నేను చూసిన అత్యంత నిజాయితీ గల దృశ్యాల్లో అదొకటి.

తేడా మరీ తక్కువైతే ఏమవుతుందో 2020లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం చూపించింది. అధ్యక్ష పదవికి సుమారు 50 లక్షల ఓట్లు పోలయ్యాయి, మొదటి లెక్కలో తేడా సుమారు పద్నాలుగు వేలు. నమూనా తీయడం కంటే మొత్తం చేత్తో లెక్కపెట్టడమే సులువని అధికారులు నిర్ణయించారు. ఆ లెక్కలో ఫ్లాయిడ్ కౌంటీలో స్కాన్ చేయకుండా వదిలేసిన సుమారు 2,600 బ్యాలెట్లు దొరికాయి, మరికొన్ని చోట్ల కూడా పొరపాట్లు బయటపడ్డాయి. తేడా కొంచెం తగ్గింది, విజేత మారలేదు. పొరపాటు బయటపడడం ఆడిట్ వైఫల్యమని కొందరు ప్రచారం చేశారు. ఆడిట్ పెట్టుకున్నది అందుకే.

అదే ఏడాది మిషిగన్‌లోని ఆంట్రిమ్ కౌంటీ కథ నేను ఎక్కువగా చెప్తుంటాను. మొదటి రాత్రి అక్కడ ఫలితం తలకిందులుగా కనిపించింది. బ్యాలెట్‌లో చివరి నిమిషంలో చేసిన మార్పును అన్ని పరికరాల్లోనూ సరిగ్గా ఎక్కించకపోవడమే కారణం. వెంటనే దిద్దారు, అయినా యంత్రాలు ఓట్లు మార్చేశాయన్న పుకారు దేశమంతా పాకింది. డిసెంబరులో ఆ కౌంటీలో అధ్యక్ష పదవి ఓట్లన్నీ చేత్తో లెక్కపెట్టారు. దిద్దిన ఫలితానికీ ఈ లెక్కకూ తేడా 12 ఓట్లు. కాగితం దొంగను పట్టిస్తుంది, దొంగతనం జరగనప్పుడు నిందను కూడా తుడిచేస్తుంది. ఎన్నికల అధికారులు దీన్ని తమ మీద అనుమానంగా ఎందుకు తీసుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వాళ్లకు ఇంతకంటే మంచి రక్షణ ఇంకేముంది?

ఆడిట్ అని పేరు పెట్టినంత మాత్రాన ఆడిట్ అయిపోదు. 2021లో అరిజోనాలోని మారికోపా కౌంటీ బ్యాలెట్లను, ఎన్నికల ఆడిట్ అనుభవమే లేని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. పద్ధతులు మధ్యలో మారాయి, పరిశీలకులకు అడ్డంకులు వచ్చాయి, నెలలు పట్టింది. చివరికి విజేత మారలేదు. నియమాలు ఎన్నికకు ముందే రాసి ఉండాలి, ఫలితం ఖరారు కాకముందే పని పూర్తవ్వాలి, ఎవరు గెలిచినా ఒకేలా జరగాలి. ఫలితం నచ్చని పక్షం తర్వాత మొదలుపెట్టిన దాన్ని వేరే పేరుతో పిలవడం మంచిది.

భారతదేశం సంగతి ఈ కొలమానంతో చూద్దాం. కాగితం ఆధారం ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 8న చెప్పింది. ఆ ఏడాదే నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్‌ను, అంటే ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద ముద్రించి చూపే యంత్రాన్ని, మొదటిసారి వాడారు. అద్దం వెనక ఏడు సెకన్లు స్లిప్పు కనబడి పెట్టెలో పడుతుంది. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక యంత్రం స్లిప్పులే లెక్కపెడుతున్న పద్ధతిని అయిదు యంత్రాలకు పెంచింది. అన్ని స్లిప్పులూ లెక్కపెట్టాలన్న విన్నపాన్ని 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు కోరితే 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను (యంత్రాన్ని నడిపే చిప్‌లను) తనిఖీ చేసే అవకాశం మాత్రం ఇచ్చింది.

నా పేచీ ఆ అయిదు అనే అంకెతో. అది మెజారిటీ ఎంతైనా మారదు. లక్ష ఓట్లతో గెలిచినా, వంద ఓట్లతో గెలిచినా అయిదే. లెక్క మీరే వేసి చూడండి. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో 200 పోలింగ్ కేంద్రాలున్నాయి, వాటిలో పదింట యంత్రాలు తప్పు చూపుతున్నాయి అనుకుందాం. లాటరీలో అయిదు తీస్తే ఆ పదింటిలో ఒక్కటీ తగలకపోయే అవకాశం 77 శాతం. రాష్ట్రమంతా కలిపి చూస్తే ఎక్కడో ఒకచోట పట్టుబడుతుందని వాదించవచ్చు, అది నిజమే. కానీ ఓడిన అభ్యర్థికి కావాల్సింది తన నియోజకవర్గం గురించిన రుజువు. తేడా తక్కువైతే ఎక్కువ యంత్రాలు, తేడా ఎక్కువైతే తక్కువ యంత్రాలు లెక్కపెట్టండి. మొత్తం మీద పని పెద్దగా పెరగదు, నమ్మకం చాలా పెరుగుతుంది. స్లిప్పుకూ యంత్రానికీ తేడా వస్తే ఆ యంత్రం వరకు స్లిప్పుల లెక్కే చెల్లుతుందని నియమం ఉంది, సంతోషం. ఒకచోట తేడా వస్తే మిగతా యంత్రాలను ఎంతవరకు లెక్కపెట్టాలో కూడా అంతే స్పష్టంగా రాసి ఉండాలి.

యంత్రం ముద్రించిన కాగితానికీ, ఓటరు చేత్తో గుర్తు పెట్టిన కాగితానికీ తేడా ఉందని కూడా చెప్పాలి. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక నమూనా ఎన్నిక జరిపి, ముద్రించిన ప్రతి బ్యాలెట్‌లోనూ కావాలనే ఒక తప్పు పెట్టారు. ఎవరూ హెచ్చరించకపోతే, ఓటర్లలో 6.6 శాతం మందే ఆ తప్పును సిబ్బందికి చెప్పారు. ముద్రించిన కాగితాన్ని మనం చదవం, నమ్మేస్తాం. ఆ కాగితమే తప్పైతే దాని మీద చేసిన ఆడిట్ కూడా తప్పునే నిర్ధారిస్తుంది. చూపు లేనివారికి, చేతులు సహకరించని వారికి ముద్రించే యంత్రం తప్పనిసరిగా ఉండాలి, మిగతావారికి పెన్నే మంచిది.

ఫోన్‌లో ఓటేసే రోజులు వస్తాయంటారు కదా అని కూడా మీరు అడగవచ్చు. 2010లో వాషింగ్టన్ నగరం ఇంటర్నెట్ ఓటింగ్ పెట్టి, ఎవరైనా వచ్చి పరీక్షించుకోవచ్చని సవాలు విసిరింది. మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం సుమారు 48 గంటల్లో ఆ వ్యవస్థను పూర్తిగా చేతిలోకి తీసుకుని ఓట్లన్నీ మార్చేసింది. అధికారులు వెంటనే గుర్తించలేకపోయారు. బ్యాంకు లావాదేవీలో తప్పు జరిగితే స్టేట్‌మెంట్‌లో మీ పేరుతో కనబడుతుంది, ఓటు రహస్యం కాబట్టి అలా చూసుకునే వీలుండదు. బ్లాక్‌చెయిన్ అనే, ఒకసారి రాసింది మార్చలేని డిజిటల్ పద్దు పుస్తకం పెట్టినా ఓటు అందులోకి చేరేలోపు ఫోన్‌లోనే మారిపోతే ఏం ప్రయోజనం?

చివరగా, మీరేం చేయగలరు అన్నది. మీరు ఏ దేశంలో ఉన్నా ఎన్నికల అధికారులను మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని బ్యాలెట్లు సరిచూడాలో గెలుపు తేడాను బట్టి నిర్ణయిస్తారా, అవి ఏవన్నది లెక్క ప్రకటించాక బహిరంగంగా తేలుస్తారా, తేడా వస్తే మొత్తం లెక్కపెట్టే నియమం ముందే రాసి ఉందా. వీలైతే ఏదో ఒక పక్షం తరఫున ఏజెంటుగా కూర్చోండి. కెన్యాలో 2017 ఆగస్టు ఎన్నికను సుప్రీంకోర్టు రద్దు చేయడానికి ఒక ముఖ్య కారణం, పోలింగ్ కేంద్రాల ఫలితాల పత్రాలు సరిచూడకుండానే అధ్యక్షుడి గెలుపు ప్రకటించడం. కింది స్థాయిలో కాగితం పట్టుకుని అడిగే మనిషి ఉంటేనే పైస్థాయి లెక్కకు అర్థం. భారత్‌లో అయితే పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి, ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫారం 17సీ నకలును సంతకం చేసి ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలి. అందులో యంత్రాల నంబర్లు కూడా ఉంటాయి. అది తీసుకోకుండా బూత్ నుంచి కదలకండి, కౌంటింగ్ రోజు అదే నంబర్ యంత్రం, అదే ఓట్ల సంఖ్య వచ్చిందో లేదో మీ పార్టీ కౌంటింగ్ ఏజెంటు చేత పోల్చి చూపించమనండి.